ఏడు బిరడాలు

బుడమేరు వాగు వెనక్కి తగ్గాక బెజవాడలో ఇంటింటికీ మిగిలింది బురదే. 2024 ఆగస్టు 31న పట్టుకున్న వాన మర్నాటికల్లా సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వీధుల్ని ముంచేసింది. పైన బుడమేరుకు పడిన మూడు గండ్లూ పూడ్చేసరికి సెప్టెంబరు 7 వచ్చింది. అటు కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ 11.43 లక్షల క్యూసెక్కులు వదిలింది. అంత నీరు అంతకు ముందెన్నడూ ఆ గేట్ల కింద నుంచి పోలేదు. మేడ ఉన్నవాళ్లు మేడెక్కారు. బళ్లు మాత్రం ఎక్కడ నిలిపినవి అక్కడే ఉండిపోయాయి, సీటు దాకా కొన్ని, హ్యాండిలు దాకా కొన్ని.

నీళ్లు పోయాక ఆ బళ్లన్నీ మెకానిక్కుల గుమ్మాల్లోకి వచ్చాయి. గుణదల కొండ కింద ఒక్క షట్టరు వెడల్పున్న ఒక షెడ్డు ఉంది. దసరా దాటినా అందులో కాలు పెట్టే జాగా లేదు. ఆ షెడ్డు మేస్త్రిదీ, ఆయన దగ్గర రెండేళ్లుగా పని నేర్చుకుంటున్న కుర్రాడిదీ ఈ కథ.

ఆ సెప్టెంబరులోనే రైల్వేలో రిటైరైన ఒక పెద్దాయన తన వంద సీసీ బండిని నెట్టుకుంటూ తెచ్చాడు. ముప్పై ఏళ్ల నాటి బండి. మేస్త్రి ఆయిలు దించితే పాలు పోసిన టీలా వచ్చింది. నీళ్లు కలిసిన ఆయిలు అలాగే ఉంటుంది. మూడుసార్లు ఆయిలు పోసి, తిప్పి, దించి, బండిని బతికించాడు. పైరూపం సంగతి అప్పుడు ఎవరికీ పట్టలేదు. పెద్దాయనకు ముందు గోడలు, తర్వాత మంచాలు, తర్వాత బీరువా. బండి వంతు సంక్రాంతి వెళ్లాక వచ్చింది. అప్పటికి ఇంజను మీద పాత రంగు పొరలు పొరలుగా లేచిపోయి, అల్యూమినియం మీద సున్నం పూసినట్టు తెల్లటి పొడి పట్టింది. రెక్కల సందుల్లో వరద బురద ఎండి రాయైపోయింది.

“ఫిబ్రవరి తొమ్మిదికి కొండకి రావాలి మేస్త్రీ. ఏటా మా ఆవిణ్ని వెనక కూర్చోబెట్టుకుని దీని మీదే వస్తాను. నీళ్లల్లోంచి బయటపడ్డాం, ఈసారి మొక్కు కూడా ఉంది. బండిని కాస్త మనిషిని చెయ్యి” అన్నాడు.

గుణదలలో ఉన్నవాళ్లకు ఫిబ్రవరి తొమ్మిది, పది, పదకొండు అంటే వేరే చెప్పక్కర్లేదు. 1924లో ఫాదర్ అర్లాటి ఈ కొండ మీద లూర్దు మాత విగ్రహం పెట్టిన నాటి నుంచీ పెరుగుతూ వచ్చిన ఉత్సవం. తలనీలాలిచ్చేవాళ్లు, కొబ్బరికాయలు కొట్టేవాళ్లు, కొవ్వొత్తులు వెలిగించేవాళ్లు, అన్ని మతాలవాళ్లూ వస్తారు. ఆ మూడు రోజులూ బండి పట్టుకుని సందులోంచి సందులోకి మారడం కూడా కష్టం.

మేస్త్రి కార్బరేటరూ సైలెన్సరూ విప్పి పక్కన పెట్టాడు. “లోపలి పని నేను చూశాను, పైపని నువ్వు చూడు. ముందు దారులన్నీ మూసెయ్. ఆ తర్వాతే వాటర్ పేపరు పట్టు. తడిపే రుద్దాలి, పొడిగా కాదు. నేను ఆటోనగర్ వెళ్లి గాస్కెట్లు తెస్తా” అని కుర్రాడికి చెప్పి వెళ్లిపోయాడు.

కుర్రాడు చురుకైనవాడు. పిస్టన్ రింగు వేళ్లతో ఎక్కించగలడు, టాపెట్ గ్యాపు చెవితో పట్టగలడు. అందుకే ఈ రుద్దుడు పని వాడికి చిన్నతనంగా తోచింది. కార్బరేటరు తీసిన చోట, గాలీ పెట్రోలూ ఇంజనులోకి పోయే దారి నోరు తెరుచుకుని ఉంది. చేతికందిన గుడ్డ పేలిక ఒకటి ఉండచుట్టి అందులో కుక్కాడు. నీళ్లు పెట్టుకుంటే ఆలస్యమని వాటర్ పేపర్‌ని పొడిగానే పట్టాడు.

రుద్దుతుంటే పాత రంగూ తెల్లటి పొడీ కలిసి బూడిద రంగు పిండిలా రాలాయి. కనుబొమల మీద, ముక్కు మీద, సీటు మీద, ఆ గుడ్డ మీద అంతటా అదే. కింద నుంచి మాత్రం వెండిలాంటి లోహం బయటికొస్తోంది. మధ్యాహ్నం తినడానికి కూడా వాడు లేవలేదు. నాలుగింటికి మాగ్నెట్ కవరు మీద వాడి మొహం వాడికే కనిపించింది.

సాయంత్రం కార్బరేటరు ఎక్కించాలి. వాడు గుడ్డ కొస పట్టుకుని జేబులోంచి రుమాలు లాగినట్టు లాగాడు. గుడ్డ మడతలోంచి పొడి జారింది. చిటికెడంటే చిటికెడే. సగం బయట పడింది, సగం లోపలికి. వేలు పెట్టి అందినంత తుడిచాడు. వేలికి అందనిది లోపల వంపు తిరిగిన చోట, వాల్వు వెనక ఉండిపోయింది.

వాడు అటూ ఇటూ చూశాడు. షెడ్డులో ఎవరూ లేరు. హెడ్డు దించాలంటే మళ్లీ గంట, గంటన్నర. పెద్దాయన ఆరింటికి వస్తానన్నాడు. మేస్త్రి ఏ నిమిషంలోనైనా వస్తాడు. ‘ఐదు రోజులు బుడమేరులో నానిన ఇంజను, ఈ కాస్త పొడికి ఏమవుతుందిలే’ అనుకున్నాడు. కార్బరేటరు బిగించి ఒక్క కిక్కు కొట్టాడు. బండి పలికింది. ఆ మొదటి గుక్కలోనే ఆ చిటికెడూ లోపలికి పోయింది.

పెద్దాయన వచ్చి ఇంజను మీద చెయ్యి వేసి నిమిరాడు. “పెళ్లికొడుకులా ఉందయ్యా” అని వాడి చేతిలో విడిగా వంద రూపాయలు పెట్టాడు. తొమ్మిదో తారీఖు పొద్దున, కొవ్వొత్తుల కొట్ల వరస పక్కన ఆ బండి ఆగి ఉండటం కుర్రాడు చూశాడు. వెనక సీటు మీంచి పెద్దావిడ కొంగు సర్దుకుంటూ దిగుతోంది. ఇంజను ఎండకు మెరుస్తోంది. వాడు వేరే సందులోంచి వెళ్లిపోయాడు.

మార్చిలో బండి తిరిగొచ్చింది. వెనకాల నీలంగా పొగ. ఆయిలు తాగేస్తోంది. నిలబెట్టి రేసు ఇస్తే లోపల కటకటమని చప్పుడు. మేస్త్రి బోరు విప్పి వెలుగులోకి పట్టుకున్నాడు. నునుపుగా ఉండాల్సిన గోడ మీద పైనుంచి కిందకి, పిల్లి గోళ్లతో గీకినట్టు గీతలు. దించిన ఆయిలులో వేలు ముంచి తీస్తే వేలి కొసన సన్నగా మెరుపు, చేప పొలుసు అరిగి పొడైనట్టు.

“బుడమేరు మట్టి బాబాయ్ గారూ. ఎక్కడో మూలన మిగిలిపోయుంటుంది. మూడుసార్లు కడిగినా వదల్లేదు” అన్నాడు మేస్త్రి.

పెద్దాయన తలూపాడు. ఆ ఏడాది బెజవాడలో ఆ మాటకు అడ్డు చెప్పేవాళ్లు లేరు. ఫ్రిజ్జు పోయినా బుడమేరే, గోడ ఉబ్బినా బుడమేరే, దగ్గు తగ్గకపోయినా బుడమేరే. “మన రాత. ఎంతవుతుంది?” అంటూ చొక్కా లోపలి జేబులోంచి నోట్లు తీసి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

కుర్రాడు సెల్‌ఫోను లైటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. లైటు వణుకుతోంది. మేస్త్రి విసుక్కుని, “సరిగ్గా పట్టరా” అన్నాడు.

“బుడమేరు కాదు తాతగారూ” అన్నాడు వాడు. “నేను.”

మొత్తం చెప్పాడు. గుడ్డ సంగతి, చిటికెడు సంగతి, వేలు పెట్టి తుడవడం, కిక్కు కొట్టడం. వంద రూపాయల సంగతి కూడా చెప్పి, అది ఖర్చు పెట్టలేదని, జేబులోంచి తీసి టూల్ పెట్టె మీద పెట్టాడు.

మేస్త్రి చాలాసేపు మాట్లాడలేదు. చేతులు తుడుచుకున్నాడు. తర్వాత పాత సామానులోంచి పగిలిన స్కూటరు అద్దం ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద రెండు చుక్కలు ఆయిలు వేశాడు. వాడేసిన వాటర్ పేపరు ముక్కను గోటితో గీకితే రాలిన పొడి, కంటికి ఆనీ ఆననంత, ఆ ఆయిలులో వేశాడు. విరిగిన పాత రింగు ముక్కను కుర్రాడి చేతికిచ్చి, “రుద్దు” అన్నాడు.

కరకరమని సన్నటి చప్పుడు. పళ్లు జివ్వుమనే చప్పుడు. “తుడువు” అన్నాడు. తుడిస్తే అద్దం మీద కుర్రాడి మొహాన్ని కోస్తూ గీతలు.

“ఇది నీ చెయ్యి పది సార్లు తిప్పితే వచ్చింది. అక్కడ నిమిషానికి కొన్ని వేలసార్లు” అన్నాడు మేస్త్రి. కాస్త ఆగి, “ఆ సాయంత్రం చెప్పుంటే హెడ్డు దించి తుడిచి ఎక్కించేవాళ్లం. ఒక గాస్కెట్టు పోయేది. నేను కేకలేసేవాణ్ని, నువ్వు ఓ పూట మూతి ముడుచుకునేవాడివి. అంతే కదరా” అన్నాడు.

బోరు ఆటోనగర్ లేతుకు వెళ్లింది. గీతలు పోయేదాకా కోసి, ఒక సైజు పెద్ద పిస్టన్ వేయించారు. క్రాంకు బేరింగు కూడా మారింది. ఖర్చు షెడ్డుదే అన్నాడు మేస్త్రి. పెద్దాయన నోట్లు మళ్లీ లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఆ వంద కాగితం మాత్రం తీసుకోకుండా కుర్రాడి వైపు జరిపి, “వెళ్లి మూడు టీలు పట్రా” అన్నాడు.

నీతి: పైన రుద్దబోయే ముందు లోపలికి పోయే దారులు మూసెయ్యి. మూసినా ఏదైనా లోపలికి పోతే ఆ పూటే బయటపెట్టు.

ఈ నీతిలో మొదటి సగం చేతిపనిది, రెండో సగం మనిషిది. రెండూ ఒకటేనని నా నమ్మకం. మొదటి సగాన్ని ఊరికే చెబితే నమ్మనక్కర్లేదు, లెక్క చూడండి. వాటర్ పేపరు వెనక P400 అని అచ్చు వేసి ఉంటే, దాని మీది గరుకు రేణువు మిల్లీమీటరులో వందో వంతుల లెక్కన మూడున్నర ఉంటుంది. అటువంటి ఇంజనులో పిస్టనుకూ బోరు గోడకూ మధ్య వదిలే సందు కూడా ఇంచుమించు అంతే, మిల్లీమీటరులో వందో వంతులు రెండు నుంచి ఐదు. కొలిచి కుట్టినట్టు ఆ రేణువు ఆ సందులో కూర్చుంటుంది. పైగా అది మామూలు ఇసుక కాదు, సిలికాన్ కార్బైడ్. గట్టిదనంలో వజ్రానికి కాస్త దిగువన నిలుస్తుంది. ఇంజనులోని ఇనుమూ అల్యూమినియమూ దాని ముందు మెత్తటివి. ఆయిలు దాన్ని ఆపదు, చోటు నుంచి చోటుకు మోసుకుపోతుంది. మెత్తటి అల్యూమినియం పిస్టన్ గోడలో ఆ రేణువు దిగబడిందంటే పిస్టనే ఆకురాయి అవుతుంది.

సానపట్టే రాయి గురించి మనవాళ్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు. మన కురువిందానికి తోబుట్టువైన తమిళ మాటే ఇంగ్లీషు దాకా వెళ్లి కోరండం అయింది, ఎమరీ పేపరుకు పేరిచ్చిన ఎమరీ రాయిలో ఉండేదీ అదే. కత్తి నూరేవాడు నూరాక అంచును వేలితో తడిమి చూడడు, ముందు నీళ్లు పోసి కడుగుతాడు. ఆ కడుగుడే ఇక్కడా అసలు పని.

ఇంటి దగ్గర బండి ఇంజను తోమాలనుకునే కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. పాత బళ్ల మీద మోజు పెరిగాక మరీను. వాళ్ల కోసం కొన్ని మాటలు చెప్పాలి. ఇంజను పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టాలి. వేడి ఇంజను మీద చన్నీళ్లు కొడితే లోహం ఒక పక్క ముడుచుకుని ఒక పక్క ముడుచుకోదు. బ్యాటరీ తీగ విప్పాలి. జిడ్డు వదిలించడానికి పెట్రోలు వద్దు. దాని ఆవిరి నేల వెంట పాకుతూ పోయి పక్కింటి పొయ్యిని కూడా అందుకుంటుంది. కిరసనాయిలు ఈ రోజుల్లో సులువుగా దొరకదు కాబట్టి కాస్త డీజిలు, పాత పళ్ల బ్రష్షు, తర్వాత సబ్బు నీళ్లు చాలు. ఇత్తడి గిన్నె చింతపండుతో తోమినట్టు తెల్లబడుతుందని బజారులో దొరికే యాసిడ్ పొయ్యకూడదు. ఆ మెరుపు నాలుగు రోజుల్లో మచ్చలవుతుంది. కాస్టిక్ సోడా అయితే అల్యూమినియాన్ని నురగలు కక్కిస్తూ తినేస్తుంది.

రెక్కల మధ్య స్టీలు బ్రష్షు వద్దు, ఇత్తడిది వాడాలి. పేపరును 320తో మొదలుపెట్టి 400, 600, 800కు వెళ్లాలి. ప్రతి పేపరుతోనూ అంతకు ముందటి పేపరు గీతలు పోయేదాకా రుద్దాలి. ఎప్పుడూ తడిపే. తడిపితే పొడి ఎగరదు, బురదై కిందికి కారుతుంది. ఇది ఇంజను కోసమే కాదు, రుద్దేవాడి ఊపిరితిత్తుల కోసం కూడా. పాత గాస్కెట్లలో, బ్రేకు షూలలో ఆస్బెస్టాస్ ఉండేది. పాత రంగుల్లో సీసం ఉండేది. షెడ్డుల్లో పదహారు, పదిహేడేళ్ల పిల్లలు మొహాన గుడ్డ కూడా లేకుండా ఆ పొడి పీలుస్తుంటే, పక్కన నిలబడి “ఇంకాస్త మెరవాలి” అనే మనం కూడా ఆ పాపంలో భాగస్తులమే. మంచి మాస్కు ఒకటి మనమే కొని ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు.

రెండు చోట్ల పేపరు తగలకూడదు. ఒకటి, రెండు భాగాలు కలిసే గాస్కెట్ అంచు. అక్కడ చదును కాస్త పోయినా ఆయిలు కారుతుంది. రెండోది, ఇంజను మీద చెక్కిన నంబరు. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలంటే ఆ నంబరు కళ్లకు కనబడాలి. అది అరిగిపోయిన బండి ఎంత మెరిసినా, దాన్ని దొంగబండిలానే చూస్తారు. ఆ చదరం మీద ముందే టేపు అంటించి పని మొదలుపెట్టండి.

ఇక దారులు. గుడ్డ ఎందుకు పనికిరాదో కుర్రాడి కథలోనే ఉంది. నేత సందుల్లో పొడిని దాచుకుంటుంది, లాగినప్పుడు విదిలిస్తుంది. బిరడా కావాలి. అంచుకు కాస్త గ్రీజు రాస్తే చుట్టూ పడ్డ పొడిని అది పట్టి ఉంచుతుంది. పనయ్యాక బిరడా తీసి కడగడం కాదు, కడిగి, ఆరాక, బిరడా చుట్టూ మళ్లీ తుడిచి, అప్పుడు తియ్యాలి. నిటారుగా ఉన్న నోటిని తెరవాల్సి వస్తే బండిని కాస్త ఒరగబెట్టి, నోరు కిందికి వచ్చేలా చూసి తియ్యాలి. అంత చేసినా ఎప్పుడో ఒకసారి చిటికెడు జారుతుంది. చేతులతో పని చేసేవాడి చెయ్యి ఎప్పుడో జారక మానదు. ఆ క్షణంలో గోడ గడియారం వైపు చూడకుండా హెడ్డు దించడానికి పానా అందుకునేవాణ్ని నేను గొప్ప మెకానిక్కు అంటాను. అలా అందుకోవాలంటే చెప్పినవాణ్ని కొట్టని మేస్త్రి ఉండాలి. తప్పు దాచడం కుర్రాళ్లకు పుట్టుకతో రాదు. మొదటిసారి చెప్పినప్పుడు చెంప పగిలితే, రెండోసారి నుంచి దాస్తారు. ఆ మార్చి రోజున మేస్త్రి చెయ్యి ఎత్తి ఉంటే, ఆ షెడ్డులో ఆ తర్వాత జరిగే ప్రతి తప్పుకూ బుడమేరే పూచీ పడేది.

ఆ షెడ్డులో ఇప్పుడు టూల్ పెట్టె పక్కన పాత బిస్కెట్ల డబ్బా ఒకటి ఉంటుంది. లోపల పాత టైరు రబ్బరు కోసి నునుపు చేసిన ఏడు బిరడాలు, అన్నిటికీ ఎర్ర రంగు. కార్బరేటరు దారికొకటి, సైలెన్సరు దారికొకటి, ప్లగ్గు చోటికొకటి, ఆయిలు మూతకొకటి, బ్రీథరు గొట్టానికొకటి, టాపెట్ మూతలకు రెండు. కుర్రాడే కోశాడు. ఏ బండి వచ్చినా పేపరు తడిపే ముందు ఒక్కొక్కటీ పెడుతూ పైకే లెక్కపెడతాడు, పక్క కొట్టువాడికి కూడా వినబడేలా. సాయంత్రం ఒక్కొక్కటీ తీసి డబ్బాలో వేస్తూ మళ్లీ లెక్కపెడతాడు. ఏడూ పడ్డాక డబ్బా మూసి, అప్పుడు కిక్కు మీద కాలు వేస్తాడు.